టాబ్లెట్లు మానేస్తున్నాడని డాక్టర్‌కి చెప్పెయ్యాలా, పొలం అమ్మి కొత్త ట్రీట్‌మెంట్‌కి వెళ్ళాలా?

ఒడిశాలో పర్లాకిమిడి దగ్గర్నుంచి ఒకావిడ రాసిన ఉత్తరం ఇది. చాలా పెద్దది, కుదించి చెప్తున్నాను. ఆవిడకి 31, భర్తకి 37, ఆరేళ్ళ పాప. ఆయనకి సొంత పికప్ బండి ఉంది, మోహన, ఆర్.ఉదయగిరి వైపు కూరగాయలు ఎక్కించుకుని టెక్కలి, పలాస దాకా దింపి వస్తారు. నాలుగేళ్ళ కిందట ఎడమ పక్క పొట్ట గట్టిపడి, రెండు ముద్దలు తింటే చాలు కడుపు నిండిపోయినట్టు ఉంటే గ్యాస్ అనుకుని చాలా రోజులు గ్యాస్ మందులే మింగారు. చివరికి రక్తపరీక్ష చేయిస్తే తెల్లకణాలు రెండు లక్షలు దాటి ఉన్నాయి. బరంపురం వెళ్ళి, అక్కణ్ణుంచి విశాఖ వెళ్తే సీఎంఎల్ అన్నారు, అంటే క్రానిక్ మైలాయిడ్ లుకేమియా అనే రక్త క్యాన్సర్. ఇమాటినిబ్ 400 ఎంజీ టాబ్లెట్ రోజుకొకటి రాశారు. రెండు నెలల్లో పొట్ట తగ్గిపోయింది, మనిషి మళ్ళీ బండెక్కాడు.

కిందటేడాది బీసీఆర్-ఏబీఎల్ రిపోర్ట్, అంటే రక్తంలో జబ్బు ఎంత మిగిలిందో చెప్పేది, 0.05 శాతం వచ్చింది, డాక్టర్ చాలా బాగుందన్నారు. తర్వాతది 0.4. మొన్నటిది 1.4. "టాబ్లెట్ రోజూ వేసుకుంటున్నారా" అని డాక్టర్ అడిగితే ఆయన తడుముకోకుండా వేసుకుంటున్నానన్నారు, ఈవిడ పక్కనే ఉండి నోరెత్తలేదు. ఎందుకంటే దానికి వారం ముందే బండి సీటు కింద టూల్ డబ్బాలో, పానాలకింద, ఒక్క మాత్ర కూడా తియ్యని స్ట్రిప్పులు ఈవిడ కంటపడ్డాయి. డాక్టర్ మ్యుటేషన్ టెస్ట్, అంటే మందుకి లొంగకుండా జబ్బు కణాలు మారాయేమో చూసేది, రాశారు, మందు మార్చాల్సి రావచ్చన్నారు. ఇంటికొచ్చాక ఆయన్ని మెల్లిగా కదిపితే, పొద్దున్నే టాబ్లెట్ వేసుకుని బండెక్కితే వాంతికొస్తుందని, రాత్రిళ్ళు పిక్కలు పట్టేస్తున్నాయని, ఒళ్ళు తెల్లబడి టీ కొట్టు దగ్గర అందరూ అడుగుతున్నారని, పైగా "మందు ఆపేసినా జబ్బు రాని వాళ్ళు ఉన్నారంట" అని ఫోన్‌లో ఒక వీడియో చూపించారట. డబ్బా సంగతి మాత్రం ఈవిడ ఎత్తలేదు.

ఇక ఇంట్లో. బావగారు టీవీలో చూసి, ముంబైలో కార్-టీ అని కొత్త ట్రీట్‌మెంట్ వచ్చింది, ఒక్కసారి చేయిస్తే జబ్బు పోతుంది, రెండెకరాలు అమ్మేద్దాం అంటున్నారు. ఆంధ్రా కార్డుంటే అక్కడ ఫ్రీగా అవుతుంది, ఆంధ్రాలో ఉన్న పాతపట్నంలో మేనమామ అడ్రస్ మీద కార్డు తీయిద్దాం అని కూడా అంటున్నారు. అత్తగారు ఒంటి రంగు చూసి మందు వేడి చేసిందని, మానిపించి ఆకుమందు ఇప్పిస్తానంటున్నారు. ఈవిడ నన్ను అడిగినవి నాలుగు. డాక్టర్‌కి నిజం చెప్పాలా, చెప్తే ఈయన మొహం చూస్తారా? కొత్త మందు అడగాలా? పొలం అమ్మాలా? మా పాపకి కూడా వస్తుందా?

అమ్మా, ముందు ఒక మాట. నేను డాక్టర్‌ని కాదు, రాయగడలో మందుల షాపు కౌంటర్ వెనక చాలా ఏళ్ళు నిలబడిన ఫార్మసిస్టుని. కాబట్టి ఏ మందు వాడాలో నేను చెప్పను, అది మీ హెమటాలజిస్ట్, అంటే రక్తం జబ్బుల డాక్టర్, చెప్పాలి. మీ ఇంట్లో ఇప్పుడు ముడిపడిపోయి ఉన్న విషయాల్ని విడదీసి చూపించగలను, ఎటు వెళ్తే ఏమవుతుందో చెప్పగలను. నాకు కనిపిస్తున్నది ఏంటంటే, మీ ఇంట్లో అందరూ "కొత్తది ఏముంది" అని వెతుకుతున్నారు, పాతది ఎందుకు పనిచెయ్యడం మానేసింది అని ఒక్కరూ అడగట్లేదు. ఆ ప్రశ్నకి సగం జవాబు మీ దగ్గరే ఉంది, డాక్టర్‌ దగ్గర లేదు.

ఈ టాబ్లెట్ ఏం చేస్తుందో కొంచెం చెప్తాను, ఎందుకంటే అది తెలిస్తే మిగతావన్నీ వాటంతటవే తేలిపోతాయి. లుకేమియాకి మందు అనేది మొదలైన చోట మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు ఉన్నారు, అమెరికాలో ఆయన రీసెర్చ్ నడిపించిన లెడర్లీ కంపెనీలో తయారైన అమినోప్టెరిన్‌తోనే బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టర్ పిల్లల లుకేమియాని కొన్నాళ్ళపాటైనా తగ్గించగలమని 1948లో చూపించాడు. కానీ ఆ మందులు ఒంట్లో వేగంగా పెరిగే ప్రతి కణాన్నీ కొడతాయి, మంచిదా చెడ్డదా చూడవు. సీఎంఎల్ విషయంలో దారి మారింది. 1960లో ఫిలడెల్ఫియాలో ఇద్దరు సైంటిస్టులు ఈ రోగుల కణాల్లో ఒక క్రోమోజోమ్ అందరికీ ఉండేదానికన్నా పొట్టిగా ఉందని గమనించారు, 1973లో షికాగోలో జానెట్ రౌలీ అనే ఆవిడ 9వ క్రోమోజోమ్ ముక్క, 22వ క్రోమోజోమ్ ముక్క ఒకదానికొకటి మారిపోవడం వల్లే అలా అయిందని తేల్చింది. అలా మారినచోట పుట్టేదే మీ రిపోర్ట్‌లో రాసుండే బీసీఆర్-ఏబీఎల్, ఒక ప్రోటీన్‌ని తయారుచేసే జన్యువు. పొలంలో మోటారు స్విచ్ ఆన్‌లో ఇరుక్కుపోతే నీళ్ళు ఎలా ఆగకుండా తోడేస్తుందో అలా అది తెల్లకణాల్ని పుట్టిస్తూనే ఉంటుంది. ఇమాటినిబ్ నేరుగా వెళ్ళి ఆ ప్రోటీన్‌లోనే కూర్చుని దాన్ని ఆపుతుంది. 2001 మే నెలలో అమెరికాలో అనుమతి వచ్చింది. టార్గెటెడ్ థెరపీ అని ఇప్పుడు అందరూ అంటున్నదానికి మొదట్లో వచ్చిన పెద్ద విజయాల్లో ఇదొకటి. ఆ మందు మీద మొదట చేసిన పెద్ద ట్రయల్‌లో చేరిన వాళ్ళని పదేళ్ళకి పైగా చూస్తే, పదేళ్ళ తర్వాత ఇమాటినిబ్ తీసుకున్న వాళ్ళలో 83 శాతం మంది బతికున్నారు, 2017లో ఆ ఫలితం వచ్చింది. కాబట్టి మీ ఆయన డబ్బాలో పడేస్తున్నది పాతబడిపోయిన మందేం కాదమ్మా.

ఇది మన దేశంలో మామూలు మనిషికి అందుబాటులోకి రావడం కూడా తేలిగ్గా అవ్వలేదు. కంపెనీ బ్రాండ్ నెలకి లక్షా ఇరవై వేల దాకా పడేది, మన దేశపు కంపెనీలవి ఎనిమిది పదివేలకి దొరికేవి, పేటెంట్ కోసం ఆ బ్రాండ్ కంపెనీ నోవార్టిస్ సుప్రీంకోర్టు దాకా వెళ్తే 2013 ఏప్రిల్ 1న కోర్టు కొట్టేసింది. ఆ తర్వాత ధరలు ఇంకా తగ్గాయి. షాపులో ఆ స్ట్రిప్ చేతికిచ్చేటప్పుడల్లా నాకు ఆ తీర్పే గుర్తొచ్చేది.

అయితే ఇది రోజూ ఒంట్లో ఉంటేనే పనిచేస్తుంది. ఒకపూట ఎక్కువ తిని మరోపూట పస్తున్నా సరిపోయే వ్యవహారం కాదు. లండన్‌లో డాక్టర్లు 87 మంది సీఎంఎల్ పేషెంట్ల మందు డబ్బా మూతల్లో చిప్ పెట్టి, ఎన్నిసార్లు తెరిచారో లెక్కపెట్టారు. 2010లో అచ్చయింది ఆ స్టడీ. పదింట తొమ్మిది డోసులకన్నా ఎక్కువ వేసుకున్న వాళ్ళలో మంచి రెస్పాన్స్, అంటే 0.1 శాతం లోపలికి రావడం, ఆరేళ్ళలో 94 శాతం మందికి పైగా సాధ్యమైంది. అంతకన్నా తక్కువ వేసుకున్న వాళ్ళలో 28 శాతం మందికే. అంటే నెలకి మూడు మాత్రలు తప్పితేనే లెక్క తారుమారైపోతుంది. మీ ఆయన ఎన్ని తప్పించారో మీకూ తెలియదు, టూల్ డబ్బాలో ఉన్నవి మాత్రమే మీరు చూశారు.

మీ రిపోర్ట్ సంగతి. ఏడాది దాటాక 0.1 శాతం లోపల ఉండాలి, 0.1 నుంచి 1 మధ్య ఉంటే హెచ్చరిక, 1 దాటితే ఈ మందు పనిచెయ్యట్లేదని డాక్టర్లు లెక్క. మీది 1.4. కాబట్టి డాక్టర్ మందు మార్చాలనుకోవడంలో తప్పేం లేదు, ఆయనకి తెలిసినంతలో రోజూ టాబ్లెట్ వేసుకుంటున్న మనిషికి శాతం పెరిగింది. కానీ మీకు తెలిసింది వేరు.

ఇక్కడ మీకు మూడు దారులున్నాయి.

మీరు ఇలాగే ఊరుకుంటే ఏమవుతుందో చూడండి. డాక్టర్ రెండో మందు రాస్తారు, డాసాటినిబో నిలోటినిబో. అది కూడా పొద్దున్నే వేసుకుని బండెక్కితే అదే గొడవ, ఈయన దాన్నీ తప్పిస్తారు, మళ్ళీ శాతం పెరుగుతుంది, ఈ మందు కూడా పనిచెయ్యలేదని డాక్టర్ రాసుకుంటారు. నిజానికి పనిచేసే మందులు రెండూ పేపర్ మీద పనికిరానివైపోతాయి. దానికి తోడు, సగం సగం మందు తగులుతున్న జబ్బు కణాలకి మందుకి లొంగకుండా మారిపోయే వీలు దొరుకుతుంది. అన్నిటికన్నా నేను భయపడేది బ్లాస్ట్ క్రైసిస్‌కి, అంటే మెల్లగా నడిచే జబ్బు ఒక్కసారిగా అక్యూట్ లుకేమియాలా మారిపోవడం. అక్కడికి వెళ్ళాక టాబ్లెట్లతో తిరిగి రావడం చాలా కష్టం. అందరికీ అలా అవుతుందని కాదు, కానీ శాతం పెరుగుతూ పోనిస్తే ఆ దారి తెరిచినట్టే.

రెండోది, ఆయనకి తెలియకుండా మీరే డాక్టర్‌కి చెప్పడం. వైద్యానికి ఇది పనికొస్తుంది. కానీ మీ ఉత్తరం చదివితే మీ ఆయన పట్టుదల మనిషి అని అర్థమవుతోంది, తర్వాత తెలిస్తే డాక్టర్‌ దగ్గరికి మిమ్మల్ని తీసుకెళ్ళడం మానేస్తారేమో. అప్పుడు మీ కళ్ళు కూడా అక్కడ ఉండవు.

మూడోది, స్ట్రిప్పులు చూశానని ఆయనకే చెప్పి, వచ్చే విజిట్‌లో ఆయన నోటితోనే డాక్టర్‌కి చెప్పమని అడగడం, ఆయన చెప్పకపోతే మీరు అక్కడే చెప్తానని ముందే చెప్పెయ్యడం. నాకైతే ఇదే సరైనది అనిపిస్తోంది. తిట్టొద్దు, పాప పేరెత్తి ఏడవొద్దు, అది ఆయనకి ఇంకా బరువవుతుంది. "వాంతి వస్తోంది, పిక్కలు పట్టేస్తున్నాయి, నువ్వు కావాలని చేసింది కాదు, కానీ డాక్టర్‌కి ఈ ఇబ్బందులు తెలిస్తేనే కదా ఏదైనా చేస్తారు" అని మొదలెట్టండి. కోపం రావచ్చు, రెండ్రోజులు మాట్లాడకపోవచ్చు. అది మీరు మోయగలరా అన్నది మీకే తెలుసు. మీ వల్ల కాదనుకుంటే రెండో దారి ఉండనే ఉంది, మొదటిదానికన్నా అదే నయం.

ఇక ఆయన చెప్పిన ఇబ్బందులు. ఇవి సాకులని కొట్టిపారెయ్యకండి, ప్రతిదీ నిజమే. ఇమాటినిబ్ ఖాళీ కడుపుతో వేసుకుంటే వాంతి వచ్చినట్టు ఉంటుంది, దాన్ని తిండితోపాటు, పెద్ద గ్లాసుడు నీళ్ళతో వేసుకోవాలి. మీ ఉత్తరం ప్రకారం ఆయన తెల్లారి నాలుగింటికి టీ తాగి టాబ్లెట్ వేసుకుని బండి తీస్తారు, అన్నం తినేది మధ్యాహ్నం రెండున్నరకి పలాసలో. ఘాట్ రోడ్డు మీద, ఖాళీ కడుపుతో, ఆ టాబ్లెట్! ఎవరికైనా వాంతికొస్తుంది. దీన్ని రాత్రి భోజనానికి మార్చుకోవచ్చా అని డాక్టర్‌ని అడగండి, చాలామంది అలా వేసుకుంటారు, రోజూ ఒకే వేళకి వేసుకోవడమే ముఖ్యం. ఎనిమిదింటికి అన్నం తిని వేసుకుని, వెంటనే పడుకోకుండా కాసేపు అటూ ఇటూ తిరిగితే సరిపోతుంది. ఒకరోజు మర్చిపోతే మర్నాడు రెండు వేసుకోకూడదు. పిక్కలు పట్టెయ్యడం, కళ్ళ కింద ఉబ్బు ఈ మందుకి మామూలే, డాక్టర్‌కి చెప్తే దానికి చేసేవి ఉన్నాయి, షాపుకెళ్ళి సొంతంగా నొప్పి మాత్రలు మాత్రం కొనొద్దు.

ఒళ్ళు తెల్లబడటం గురించి అత్తగారికి చెప్పండి. ఇమాటినిబ్ బీసీఆర్-ఏబీఎల్ ఒక్కదాన్నే కాకుండా కిట్ అనే ఇంకో ప్రోటీన్‌ని కూడా కొంచెం ఆపుతుంది, చర్మానికి రంగునిచ్చే కణాలకి ఆ కిట్ కావాలి. అందుకే మనలాంటి చామనఛాయ వాళ్ళలో రంగు తగ్గి కనిపిస్తుంది. అది బొల్లి కాదు, రక్తం లేకపోవడమూ కాదు, వేడీ కాదు. మందు మారిస్తే మామూలుగా రంగు తిరిగొస్తుంది. టీ కొట్టు దగ్గర అడిగేవాళ్ళకి ఏం చెప్పాలో మీ ఆయనకి ఒక మాట దొరికితే సగం బాధ తగ్గుతుంది, "మందు వల్ల, ఏం కాదు" అంటే చాలు. ఇది చిన్న విషయం అనుకోకండి, మగవాళ్ళు ఇలాంటివి పైకి చెప్పుకోరు, లోపలే నలిగి మందు మానేస్తారు.

ఆకుమందు. అత్తగారి ప్రేమని నేను కాదనను. కానీ ఏ ఆకులో ఏముందో తెలియనప్పుడు అది ఈ టాబ్లెట్‌తో కలిసి ఏం చేస్తుందో ఎవరూ చెప్పలేరు, కొన్ని మూలికలు లివర్‌ని తొందరపెట్టి ఇమాటినిబ్‌ని ఒంట్లోంచి ముందే పంపించేస్తాయి, కొన్ని లివర్‌నే పాడు చేస్తాయి. మానిపించి ఇవ్వడం అయితే అసలు ఒప్పుకోకండి. రాత్రి పిక్కలకి నూనె రాసే పని, ఎనిమిదింటికి అన్నం ముందు పెట్టి టాబ్లెట్ చేతికిచ్చే పని ఆవిడకి అప్పచెప్పండి, తల్లి చేతిలోంచి తీసుకున్నది డబ్బాలో పడెయ్యడం ఆయనకీ కష్టమే.

ఇప్పుడు ఆయన చూసిన వీడియో. అందులో చెప్పింది అబద్ధం కాదమ్మా, సగమే చెప్పింది. ఫ్రాన్స్‌లో స్టిమ్ అని ఒక ట్రయల్ చేశారు, 2010లో వచ్చింది. ఇమాటినిబ్ వాడుతూ రెండేళ్ళకి పైగా టెస్టులో జబ్బు ఆనవాలే దొరకని 100 మందికి మందు ఆపారు. సుమారు నలభై శాతం మందికి మళ్ళీ రాలేదు. మిగతావాళ్ళలో ఎక్కువమందికి మొదటి ఆరునెలల్లోనే తిరిగొచ్చింది, నెల నెలా టెస్ట్ చేస్తున్నారు కాబట్టి వెంటనే పట్టుకుని మళ్ళీ మందు మొదలెడితే లొంగింది. ఇప్పుడు సీఎంఎల్ రీసెర్చ్‌లో పెద్ద ఆశ ఇదే, జీవితాంతం మందు అనే మాట కొందరికైనా పోవడం. కానీ దానికి లెక్కలున్నాయి. ఇమాటినిబ్ అయితే కనీసం ఐదేళ్ళు వాడి ఉండాలి, అందులో కనీసం రెండేళ్ళు 0.01 శాతం లోపల నిలకడగా ఉండాలి, ఆపాక మొదట్లో నెల నెలా టెస్ట్ చేయించుకోవాలి. మీ ఆయన నాలుగేళ్ళే వాడారు, ఎంత బాగున్నప్పుడైనా 0.05. ఆయన ఆశ తప్పు కాదు, ఇప్పుడు దానికి వేళ కాదు. ఇంకో సంగతి ఆయనకి చెప్పండి, ఇప్పుడు తప్పించే ప్రతి మాత్రా ఆ ఆపేసే రోజుని ఇంకా దూరం జరుపుతుంది. బతిమాలడం కన్నా ఈ లెక్కే ఆయనకి ఎక్కుతుందేమో, లోడు కిరాయి లెక్కలు వేసే మనిషి కదా.

కొత్త మందులు అడగాలా అన్నారు. అడగొచ్చు, కానీ మ్యుటేషన్ రిపోర్ట్ చేతికి వచ్చాక. మాత్రలు తప్పించడమే కారణమైనా సరే ఆ టెస్ట్ మానొద్దు, ఈ తప్పించిన నెలల్లో కణాలు మారి ఉండొచ్చు. ఆ టెస్ట్‌లో ఇమాటినిబ్ కూర్చునే చోట మార్పు ఏమైనా వచ్చిందా అని చూస్తారు. ఏ మార్పూ లేకపోతే, రోజూ సరిగ్గా వేసుకుంటూ కొన్నాళ్ళు ఇదే మందు చూద్దామని డాక్టర్ అనొచ్చు, లేదా ఈ ఇబ్బందులన్నీ చూసి మందు మార్చొచ్చు. మార్పు ఉంటే అది ఏదో దాన్ని బట్టే మందు. ఎఫ్317ఎల్ అని వస్తే డాసాటినిబ్ సరిగ్గా పనిచెయ్యదు, వై253హెచ్ అని వస్తే నిలోటినిబ్ పనిచెయ్యదు. టీ315ఐ అని వస్తే ఇమాటినిబ్, డాసాటినిబ్, నిలోటినిబ్, బోసుటినిబ్ నాలుగూ పనికిరావు, దానికి 2012లో వచ్చిన పోనాటినిబ్ గానీ, 2021లో వచ్చిన అసిమినిబ్ గానీ కావాలి. అందుకే రిపోర్ట్ లేకుండా "ఉన్నవాటిలో కొత్తది రాయండి" అనడంలో అర్థం లేదు.

మార్చినా ఆయన బతుకుకి ఏది సరిపోతుందో కూడా చూడాలి. నిలోటినిబ్ రోజుకి రెండుసార్లు, ఖాళీ కడుపుతో, ముందు రెండు గంటలు తర్వాత గంట ఏమీ తినకూడదు, గుండె, షుగర్ కూడా చూసుకుంటూ ఉండాలి. తెల్లారి నాలుగింటికి బండెక్కే మనిషికి అది ఎలా కుదురుతుందో డాక్టర్‌తో విడమర్చి మాట్లాడండి. డాసాటినిబ్ రోజుకొకటే, తిన్నా తినకపోయినా పర్లేదు, కానీ కొందరికి ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేరుతుంది, ఆయాసం వస్తే వెంటనే చెప్పాలి. ఇంకోటి, మీ ఆయనకి గ్యాస్ మాత్రలు వేసుకునే అలవాటు ఉందని రాశారు, ఒమీప్రజోల్, పాంటోప్రజోల్ లాంటివి వేసుకుంటే డాసాటినిబ్ ఒంటికి సరిగ్గా పట్టదు. ఇది డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి. గ్యాస్ మాత్రని మందుగా లెక్కెయ్యరు మనవాళ్ళు, షాపులో అడిగినా "వేరే మందులేం లేవండీ" అంటారు.

అసిమినిబ్ గురించి పేపర్లలో బాగా వస్తోంది, అందులో నిజం ఉంది. అది పాత మందులు కూర్చునే చోట కాకుండా అదే ప్రోటీన్‌లో ఇంకో చోట అతుక్కుంటుంది, అందుకే ఒంట్లో మిగతా ప్రోటీన్ల మీద దెబ్బ తక్కువ. కొత్తగా జబ్బు బయటపడిన వాళ్ళలో పోల్చి చూసి 2024లో చెప్పిన ఫలితాల్లో, 48 వారాలకి 0.1 శాతం లోపలికి వచ్చినవాళ్ళు అసిమినిబ్‌తో 68 శాతం దాకా, పాత మందులతో 49 శాతం. బాగుంది. కానీ అది జబ్బు కొత్తగా బయటపడినవాళ్ళ లెక్క, నాలుగేళ్ళు మందు వాడి మధ్యలో తప్పించినవాళ్ళది కాదు. ఖర్చు కూడా వేరే స్థాయి. మీకు నిజంగా అవసరమైతే దాని గురించి పోరాడదాం, ఆ అవసరం ఉందో లేదో రిపోర్టే చెప్తుంది.

బావగారి కార్-టీ. టీవీలో చూసింది బహుశా నెక్స్‌కార్19 గురించే, ఐఐటీ బొంబాయి, టాటా మెమోరియల్ కలిసి తయారు చేశారు, 2023 అక్టోబర్‌లో అనుమతి వచ్చింది, 2024 ఏప్రిల్‌లో మన ఒడిశా ఆడబిడ్డ ద్రౌపది ముర్ము గారే రాష్ట్రపతి హోదాలో ముంబైలో ప్రారంభించారు, అందుకే మన వైపు అందరికీ గుర్తుండిపోయింది. గొప్ప పని అది, విదేశాల్లో కోట్లు అయ్యేదాన్ని లక్షల్లోకి దింపారు. కార్-టీ అంటే రోగి ఒంట్లోని రక్షణ కణాల్నే తీసి, మార్చి, జబ్బు మీదకి తిరిగి పంపడం. కానీ ఇది బీ కణాలు అనే ఒక రకం తెల్లకణాల మీద ఉండే సీడీ19 అనే గుర్తుని వెతికి కొడుతుంది. బీ కణాల లింఫోమా, బీ కణాల అక్యూట్ లుకేమియా మందులకి లొంగకుండా తిరిగొచ్చిన వాళ్ళకి అది. మీ ఆయనకున్నది మైలాయిడ్ రకం, క్రానిక్ దశ. లుకేమియా అనే పేరు ఒకటే, జబ్బులు వేరు. ముప్పై నలభై లక్షలు పట్టుకుని ముంబై వెళ్ళినా ఇది మీకు కాదని వెనక్కి పంపుతారు, అప్పటికి పొలం పోయి ఉంటుంది.

అన్నదమ్ముల ఉమ్మడి పొలం కదా, అమ్మితే ఇద్దరికీ పోతుంది, రేపు తోటికోడళ్ళ మధ్య మాట కూడా వస్తుంది. అలాగని బావగారిని "నీకేం తెలీదు" అన్నట్టు మాట్లాడకండి, తమ్ముడి కోసం భూమి అమ్ముతానన్న మనిషి. ఆయన్ని విశాఖ విజిట్‌కి తీసుకెళ్ళండి, కార్-టీ గురించి ఆయన్నే డాక్టర్‌ని అడగనివ్వండి, డాక్టర్ నోట వింటే ఒప్పుకుంటారు. ట్రిప్పుల రోజుల్లో బండి ఆయన గానీ ఇంకో డ్రైవర్ గానీ తీస్తే అది పొలం కన్నా ఎక్కువ సాయం. ఎప్పుడైనా, అలా కాకూడదనే కోరుకుందాం, మూలకణాల మార్పిడి దాకా వెళ్తే తోబుట్టువుకి పూర్తిగా మ్యాచ్ అయ్యే అవకాశం నాలుగింట ఒకటి ఉంటుంది. అప్పుడు ఆయన అవసరం చాలా ఉంటుంది.

పాతపట్నం అడ్రస్ మీద కార్డు, వద్దు. రెండు రాష్ట్రాల్లోనూ ఆధార్‌తో ముడిపెట్టి చూస్తున్నారు, దొరికితే ఇక్కడి రేషన్, ఇక్కడి కార్డు రెండూ చిక్కుల్లో పడతాయి, ట్రీట్‌మెంట్ మధ్యలో అది జరిగితే ఎంత కష్టమో ఆలోచించండి. మీరు ఒడిశా వాళ్ళు కాబట్టి గోపబంధు జన ఆరోగ్య కార్డు ఎక్కడెక్కడ చెల్లుతుందో విశాఖ హాస్పిటల్ కౌంటర్‌లో అడగండి, ముఖ్యంగా ఇంటికి తీసుకెళ్ళి వాడే మాత్రలకి వర్తిస్తుందా, అడ్మిట్ అయితేనేనా అన్నది విడిగా అడగండి. నిరామయ పథకం కింద గవర్నమెంట్ హాస్పిటళ్ళలో ఉచిత మందులు ఇస్తారు, పర్లాకిమిడి జిల్లా ఆసుపత్రిలో, బరంపురం మెడికల్ కాలేజీలో ఇమాటినిబ్ స్టాక్ ఉందా కనుక్కోండి. విశాఖలో అగనంపూడి దగ్గర టాటా మెమోరియల్ వాళ్ళదే హోమీ భాభా క్యాన్సర్ హాస్పిటల్ ఉంది, రెండో అభిప్రాయం కావాలంటే ముంబై దాకా వెళ్ళక్కర్లేదు.

విజిట్‌కి వెళ్ళేటప్పుడు ఆ టూల్ డబ్బాలో స్ట్రిప్పులు కూడా పట్టుకెళ్ళండి. ఎన్ని మిగిలాయో లెక్కపెడితే ఎన్ని తప్పాయో డాక్టర్‌కి సుమారుగా తెలుస్తుంది. ఎండలో బండిలో పడున్నవి మళ్ళీ వాడొద్దు, కొత్తవి తీసుకోండి. బీసీఆర్-ఏబీఎల్ రిపోర్టులు మొదటిదాని నుంచి వరసగా పెట్టుకోండి, వీలైనంతవరకు ఒకే ల్యాబ్‌లో చేయించండి, ల్యాబ్ మారితే అంకెల్లో తేడా వస్తుంది. అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా ఈ రాత్రి నుంచే రాసిచ్చిన టాబ్లెట్ అన్నంతో మొదలెట్టమనండి, చాలా రోజులు ఆపేసి ఉంటే మాత్రం ముందు డాక్టర్‌కి ఫోన్ చేసి అడగండి. జ్వరం, ఎడమ పక్క మళ్ళీ గట్టిపడటం, ఒంటి మీద దెబ్బ తగలకుండానే నల్లమచ్చలు, ఇవేం కనిపించినా తారీఖు కోసం చూడకుండా బయల్దేరండి.

పాప సంగతి అన్నిటికన్నా చివర రాశారు గానీ అన్నిటికన్నా ఎక్కువ భయపెడుతున్నది అదేనని ఉత్తరంలో తెలుస్తోంది. సీఎంఎల్ తండ్రి నుంచి బిడ్డకి వచ్చే జబ్బు కాదు. ఆ 9, 22 క్రోమోజోముల మార్పు మీ ఆయన పుట్టాక, ఎముక మజ్జలో ఒక కణంలో జరిగింది, బిడ్డకి వెళ్ళే కణాల్లో అది ఉండదు. అంటుకునేదీ కాదు, ఒకే కంచంలో తిన్నా, పక్కన పడుకున్నా ఏం కాదు. పాపకి ఏ టెస్టూ అక్కర్లేదు, ఎవరైనా చేయించమన్నా చేయించకండి.